మానిటరుకు బొట్టు పెట్టిన టైపక్క

కంప్యూటర్లకు ఇంకా వెనకాల పెద్ద బొజ్జ ఉన్న రోజులవి. విశాఖపట్నంలో ఆరునెలల కోర్సు చేసి నర్సీపట్నం తిరిగొచ్చిన నన్ను చూసి ఊరంతా నోరెళ్లబెడుతుందని నాకో నమ్మకం ఉండేది (ఎవరూ వెళ్లబెట్టలేదు. మా మేనత్త మాత్రం "అయితే మా టీవీ బాగుసేస్తావేట్రా?" అని అడిగింది). ఆ నమ్మకం తగ్గకముందే బస్టాండు దగ్గర ఒక డీటీపీ సెంటర్లో చేరిపోయాను. శుభలేఖలు, చర్చి కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు అక్కడ మా పని. మా అంటే నాదీ, నాకంటే ఎంతో ముందునుంచి ఉన్న టైపక్కదీ.

టైపు ఇన్‌స్టిట్యూటు మూతపడేదాకా అక్క అందులో పాఠాలు చెప్పింది. నలభై దాటాక కంప్యూటరు ముందుకొచ్చింది. తెలుగు టైపు కొడుతుంటే పక్కన కూర్చుని వినబుద్ధేసేది. ఇబ్బందల్లా మౌసుతోనే. తెరమీద వరసగా ఉండే చిన్నచిన్న బొమ్మలన్నీ ఆమెకు ఒకేలా కనబడేవి. దానికి అక్క తనంతట తానే ఒక ఉపాయం కనిపెట్టింది. స్టిక్కరు బొట్లు కొని మానిటరు అద్దానికి అంటించేసింది. సేవ్ చేసే చోట ఎర్రది, ప్రింటుకి నీలంది, ఫైలు మూయడానికి నల్లది. బాణం ఎర్రబొట్టు కిందికి దూరగానే నొక్కేది. కరెంటు ఎప్పుడు పోతుందోనని సేవ్ మాత్రం లైనుకోసారి నొక్కేది. అక్కవాళ్లది చర్చి కుటుంబం, ఆమె నుదుట నేనెప్పుడూ బొట్టు చూడలేదు. ఫ్యాన్సీ షాపాయన ప్యాకెట్టు ఇస్తూ "ఎవరికమ్మా?" అని అడిగితే "మా మిషనుకండి" అని చెప్పి వచ్చేసిందట.

అలా రోజులు గడుస్తుండగా ఓనరుగారు కొత్త సిస్టం తెప్పించారు. నీలిరంగు పట్టీలు, ఆకుపచ్చ బటను, పెళ్లిపందిరిలా కళకళలాడే తెర. అక్క బిగించడానికొచ్చినాయన్ని బతిమాలి దాన్ని పాత బూడిదరంగులోకే మార్పించుకుని, బొట్లు మళ్లీ లెక్కగా అంటించుకుంది. ఓనరుగారు మాత్రం ఒక మాటన్నారు. "నెల్లాళ్లు సూద్దారమ్మా. దీనిమీద పని బేగి అవ్వకపోతే మీరు జిరాక్సు సూసుకోండి, కుర్రోడు కూకుంటాడు." ఆ మాటకి అక్క మొహం చిన్నబోయింది. ఓనరుగారు అటు వెళ్లాక "సగం ఊరికి టైపు నేర్పిన సేతుల్రా ఇవి. జిరాక్సు మూత ఎత్తి దించడానికేటి?" అంది. నాకు నిజంగా జాలేసింది. ఆ జాలితోనే కొంప ముంచాను.

నా లెక్క ప్రకారం అక్క వెనకబడటానికి కారణం ఆ బూడిదరంగే. మధ్యాహ్నం ఆమె భోజనానికి ఇంటికి వెళ్లినప్పుడు కూర్చుని, నీలిపట్టీల సోకంతా మళ్లీ తెచ్చాను. అంతటితో ఊరుకోక తెరమీద ఎక్కువ చోటు కనబడాలని బటన్లూ అక్షరాలూ అన్నీ చిన్నవయ్యేలా సెట్టింగు మార్చాను. వెనకాల పచ్చటి కొండబొమ్మ కూడా పెట్టాను. బొట్లజోలికి మాత్రం పోలేదు, పోనీలే అక్క ముచ్చట అనుకున్నాను (ఆ ముచ్చట కింద ఇప్పుడేముందో చూసే బుద్ధి నాకు పుట్టలేదు). అక్క వచ్చి తెర చూసి ఏదో అడగబోయింది. ఇంతలో మాకవరపాలెం నుంచి ఒక పెద్దాయన కూతురి శుభలేఖకని దిగాడు.

ఆయన చేతిలో కాయితం లేదు. పిలిచేవాళ్ల పేర్లు ఒక్కొక్కటే గుర్తుతెచ్చుకుంటూ చెప్పాడు. "మా పెద్దన్న ముందుండాలమ్మా, ఆ తరవాతే మా బావలు. వరస తప్పితే పెళ్లికి రారు." అక్క కొడుతూ పోయింది, లైనుకోసారి ఎర్రబొట్టు నొక్కుతూ పోయింది. నలభై పేర్లయ్యాక ఆయన బస్సు టైమైందని, రేపొస్తానని వెళ్లిపోయాడు. ఆయన గుమ్మం దాటాడో లేదో కరెంటు పోయింది. "సేవ్ సేసినాన్లే" అని అక్క నిశ్చింతగా విసనకర్ర తీసుకుంది.

కరెంటొచ్చాక చూస్తే ఫైలు లేదు. అక్క వెతికింది, నేనూ వెతికాను. మా వెనక లోపలిగదిలోంచి ఓనరుగారు కాయితాల దొంతర పట్టుకుని వచ్చారు. "ఏటమ్మా ఇది?" మొదటి కాయితంమీద ఒక పేరు, రెండోదానిమీద రెండు, మూడోదానిమీద మూడు. బటన్లు చిన్నవై పక్కకి జరిగిపోవడంతో ఎర్రబొట్టు కిందికి ప్రింటు బటను వచ్చేసింది. అక్క సేవ్ అనుకుని నొక్కినప్పుడల్లా లోపలిగదిలో ఉండే ప్రింటరు బుద్ధిగా ఒక్కో కాయితం తీసింది. "ఇంక లాబం లేదమ్మా. రేపట్నుంచి జిరాక్సు కాడ కూకోండి" అన్నారు ఓనరుగారు. అక్క కొంగుతో మానిటరు అద్దం తుడుస్తూ నిలబడింది.

నేను నోరు మెదపకపోతే ఆ కుర్చీ నాది. రెండు నిమిషాలు మెదపలేదు కూడా, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. తరవాత "నేనే మార్చానండి, అక్క తప్పేం లేదు" అనేశాను. ఓనరుగారు నావైపు తిరిగేలోపల అక్క దొంతర అడుగునుంచి ఆఖరి కాయితం లాగింది. నలభై పేర్లూ ఉన్నాయి, పెద్దన్న ముందే ఉన్నాడు. పావుగంటలో మొత్తం మళ్లీ కొట్టేసి, తలెత్తకుండా "బేగి అయిందాండీ?" అని అడిగింది. ఓనరుగారు కాసేపు ఆమెని చూసి, నన్ను చూసి, "జిరాక్సు నువ్వు సూసుకోరా" అన్నారు. ఆ నెలంతా చూసుకున్నాను.

ఆ సాయంత్రం నేను బూడిదరంగు తిరిగి పెడుతుంటే అక్క నాకు టీ తెప్పించి, పక్కన కూర్చుని అంది. "నువ్వెట్టింది అందంగానే ఉన్నాదిరా, కాదన్ను. గానీ నా సెయ్యికి అందం తెలీదు నాన్నా, సోటు తెలుసు." వయసైపోయినవాళ్లు అలాగే అంటారులే అనుకున్నాను. అప్పటికి నాకు ఇరవై ఒకటి.

మొన్న మా ఆఫీసులో సాఫ్టువేరు మార్చారు. ఇన్నేళ్లుగా నా చెయ్యి కళ్లు మూసుకుని వెళ్లే చోట ఇప్పుడు ఏమీ లేదు, తెల్లగా, శుభ్రంగా, చాలా అందంగా ఉంది. కొత్తగా చేరిన అమ్మాయి "ఇదే ఈజీ అండి సార్" అని ఎంతో ప్రేమగా మూడుసార్లు చూపించింది. మూడుసార్లూ తలూపాను. సాయంత్రం ఇంటికి వెళ్తూ ఫ్యాన్సీ షాపు దగ్గర ఆగి స్టిక్కరు బొట్లు అడిగాను. "మేడమ్ గారికాండీ?" అంది షాపులో పిల్ల.

"కాదమ్మా, నాకే" అన్నాను. "ఎర్రవివ్వు."