నూటికి నూరు తెచ్చుకున్న కళ్లు

ఈ భూమ్మీద కళ్లు కనపడకుండానే కంటి పరీక్షలో నూటికి నూరు తెచ్చుకున్న మనిషి ఒక్కతే ఉంది. మా అమ్మమ్మ. నేనేమో రెండు కళ్లూ ఉండి ఎనిమిదో తరగతి దగ్గరే బోర్లా పడ్డాను.

ఆవిడ ప్రభుత్వ ఆసుపత్రికి దర్జీ. ముప్పై ఏళ్లుగా అక్కడి దిండు గలేబులు, డాక్టర్ల తెల్లకోట్లు అన్నీ ఆవిడ మిషను మీదే తయారవుతున్నాయి. కళ్ల గదిలో వేలాడే అక్షరాల అట్ట వానాకాలం వస్తే చాలు నాని ఊడిపోతోందని, ఆ అక్షరాలన్నీ గుడ్డ మీద నల్లదారంతో ఆవిడ చేతే కుట్టించారు. అడుగు వరుసలో చీమ తలకాయంత అక్షరాలు పూర్తయ్యేసరికి ఆవిడ కళ్లకు మసక కమ్మింది. శుక్లాలు, తీసేస్తే సరిపోతుందని నర్సమ్మ చెప్పింది. పోయిన నెల అమ్మమ్మ ఒక కోటుకు మెడ ఉండాల్సిన చోట చెయ్యి కుట్టి పంపింది. ఇంకొక్కటి అలా వస్తే పని మాన్పిస్తామన్నారు.

ఆపరేషన్ ఇదివరకు పేదవాళ్లకే ఉచితం. సొంత కుట్టుమిషను ఉంది కాబట్టి అమ్మమ్మ షావుకారు కింద లెక్క. ఈ ఏడు సర్కారు "అందరికీ వైద్యం" అంది. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది.

"కనపడినంత వరకు చదవండమ్మా," అన్నాడు డాక్టరు.

పైనుంచి కిందికి గడగడా అప్పజెప్పింది. ఆయన నోరు తెరిచేలోపు కిందినుంచి పైకి కూడా కానిచ్చింది. "నాలుగో వరుసలో మూడో అక్షరానికి కొమ్ము పొట్టి బాబూ. దారం చాల్లేదు," అంది. డాక్టరు భూతద్దం పట్టుకెళ్లి చూశాడు. నిజమే.

"మీది గద్ద చూపు. ఆపరేషన్ అక్కర్లేదు," అని చీటీ రాసేశాడు.

"కనపడటం లేదని చెప్పవే!" అని చెవిలో గొణిగాను.

"నేను కుట్టింది నాకే తెలీదని చెప్పనా? పరువు పోదూ?"

పరువు నిలబడింది, పని పోయేలా ఉంది. అమ్మమ్మకు ఉక్రోషం ముంచుకొచ్చింది. విసురుగా లేచి, గోడ మేకుకు వేలాడుతున్న తెల్లకోటు ముందుకెళ్లి దణ్ణం పెట్టింది.

"చూడు నాయనా, అందరికీ అన్నారు. ఆ అందరిలో నేను లేనా? ఈ పని పోతే ఈ వయసులో నేనేం చెయ్యను? అలా బిర్రబిగుసుకుని నిలబడతావేం? ఒక్క మాటైనా పలుకు!"

కోటు పలకలేదు.

"ఎంత పొగరో చూడరా," అంది నాతో.

కుర్చీలో ఉన్న డాక్టరు చీటీ చింపేసి ఇంకోటి రాశాడు.

ఆపరేషన్ అయింది. ఇప్పుడు కోట్లకు చేతులు చేతుల చోటే ఉంటున్నాయి. ఇదంతా రాస్తూ మిషను పక్కన నిలబడి, పెద్దమనిషిలా గొంతు సవరించుకుని అడిగాను.

"అందరికీ ఊరికే వైద్యం చెయ్యాలంటే సర్కారుకు భారం కాదూ అమ్మమ్మా?"

"నిన్ను ఇన్నేళ్లు మేపాను, నాకు భారం కాలేదూ? పక్కకి జరుగు, వెలుతురుకి అడ్డం."