ఊరగాయ సీసాలో నా పీహెచ్‌డీ

మా గైడుగారు పూతరేకు నోటిదాకా తీసుకెళ్లి ఆపి, "నీ ల్యాబు పొడి ఏ సీసాలో ఉంచావమ్మా?" అని అడిగిన క్షణాన నాకు ముప్పు వాసన తగిలింది. అప్పటికే డిపార్టుమెంటంతా రెండు పెట్టెల పూతరేకులు పంచేశాను. పరువనేది పోతే నలుగురిలోనే పోవాలి, ఒంటరిగా పోతే ఎవరికి తెలుస్తుంది చెప్పండి.

ఐదేళ్ల కిందటి మాట. ఇద్దరు పిల్లలు, బ్రాడీపేటలో అద్దె ఇల్లు, ముందుకు కదలని పీహెచ్‌డీ. ఈ నెలలో ఫలితం చూపించకపోతే సీటు వదులుకోమన్నారు. నేను ల్యాబులో చేసే సరుకు సోడియం మాంగనీస్ ఆక్సైడ్ అనే పొడి. పూతరేకులాగే పొరలు పొరలుగా ఉంటుంది, పొరల నడుమ చక్కెర బదులు సోడియం. ఎక్స్‌రేలో చూస్తే నా పొరల మధ్య ఎడం పుస్తకాల్లో ఉన్నదానికంటే బాగా ఎక్కువ. కొత్త పదార్థం కనిపెట్టేశానని ముందుగా మా నాన్నకి ఫోన్ చేశాను. ఆయన పత్తి రైతు.

"బరువేమన్నా పెరిగిందా?"

"కొంచెం పెరిగింది నాన్నా."

"అయితే చెమ్మ తగిలిందమ్మాయ్. మంచులో పెడితే పత్తి నింపిన బోరెం కూడా అట్టాగే ఉబ్బుద్ది."

"ఇది పత్తి కాదు నాన్నా, ఆక్సైడ్" అన్నాను జాలిగా. ఆ జాలి గుర్తొస్తే ఇప్పటికీ దుప్పటి ముఖం మీదికి లాక్కుంటాను.

ఇక గైడుగారి దగ్గరికి రండి.

"ఊరగాయ సీసా సార్. శుభ్రంగా కడిగాను."

"ఆరబెట్టావా?"

"బాబుకి జ్వరమండీ, హడావుడి. గుంటూరు ఎండకి అదే ఆరిపోతుందిలే అనుకున్నాను."

"మూత?"

"గట్టిగా బిగించాను సార్."

"తడి సీసాలో ఆవకాయ పెడతావా?"

"అయ్యో, బూజు పడుతుందండీ."

ఆయన పూతరేకు నోట్లో వేసుకున్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను వంటింట్లో గెలిచి ల్యాబులో ఓడాను. పొడిని వేడి చేస్తే పొరల్లో దూరిన నీళ్లు ఆవిరై, ఎడం బుద్ధిగా పాతచోటికొచ్చింది.

"ఇంకో నెల టైమిస్తున్నాను" అన్నారాయన, రెండో పూతరేకు అందుకుంటూ.

ఇకపై ఏ ఆక్సైడునీ ఆవకాయకన్నా తక్కువగా చూడనని అక్కడే తూర్పుకు తిరిగి ప్రమాణం చేశాను.

మర్నాడు పొద్దున జడ వేస్తుంటే మా అమ్మాయి, "నువ్వేం కనిపెట్టావో టీచర్ రాసుకురమ్మన్నారమ్మా" అంది. పక్కనే తమ్ముడు పెన్సిల్ పట్టుకుని సిద్ధం.

"నీళ్లు అని రాయండి. అంతకుముందే ఎవరో కనిపెట్టారట, అది మాత్రం రాయకండి" అన్నాను.