తోకలో కొవ్వు, కడుపులో పిల్లలు

ఎండదెబ్బకు మేత ముట్టని గొర్రెల చేత మేత తినిపించడమే సౌదీ ఎడారి ఊరు హఫర్ అల్ బాతిన్‌లో ఓబులయ్య గెలిచిన మొదటి గెలుపు. పగటి దాణా మాన్పించి, చల్లబడ్డాక పెట్టి, నీళ్ల తొట్టికి నీడ కట్టాడు. నెమరు మళ్లీ మొదలైంది. ముందున్న కాపరి వల్ల కాని పని అది. ఆ తరువాత ఈనేటప్పుడు అడ్డం తిరిగిన పిల్లలను చేత్తో సరిచేసి తీశాడు. తల్లి చచ్చిన పిల్లలను వేరే గొర్రెలకు మాలిమి చేశాడు. సొంతూరు వీరబల్లెలో గొర్రెలు కాసిన చేయి మరి! వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, మందంతా ఆయనకే వదిలేశాడు. కూతురు కావ్య తొలి కాన్పుకు ఇంటికి పోయిరమ్మని సెలవూ ఒప్పుకున్నాడు.

అంతలో ఈ చలికాలం, చూలు గొర్రెలు మందకు దూరంగా నిలబడి కంచెకు తల ఆనించసాగాయి. నోటి నుంచి మాగిన పండ్ల వాసన. పశువుల డాక్టరు వెంట ఆయన సహాయకుడు, రాయచోటి మతీన్ వచ్చాడు.

"మామా, మేతేమన్నా తగ్గించినావా?"

"ఈనే ముందర గదా, పిల్ల లావైతే కష్టమని బార్లీ తగ్గించినా. మన తట్టు కడుపుతో ఉండే ఆడోళ్లకూ అంతే. ఈ అరబ్బు గొర్రెల తోకలో అంత కొవ్వుండాది గదప్పా!"

"తోకంటే వడ్ల గరిసె అనుకుంటివా మామా, తలుపు తెరిచి తోడుకోను? కడుపులో కవలలు తల్లి నెత్తురులోని చక్కెర లాగేస్తాయి. మేత చాలకపోతే ఒంట్లో హార్మోన్లు కొవ్వును ఒక్కసారిగా కరిగిస్తాయి. అంత కొవ్వు కార్జం తట్టుకోలేదు. అదే విషమైతాది."

పానకం లాంటి మందు గొంతులో పోశారు. కొన్ని లేచాయి. చాలా గొర్రెలు కడుపులో పిల్లలతోనే పోయాయి. కఫీల్ అరవలేదు. మిగిలినవి ఈనేదాకా మాత్రం ఊరికి కదలవద్దన్నాడు.

ఓబులయ్య వెంటనే పెండ్లాం రామసుబ్బమ్మకు ఫోన్ చేశాడు.

"పాప కావ్యకు కడుపునిండా పెట్టు. ఈ పొద్దే ఆస్పత్రిలో చూపించు."

"ఏందీ వింత! ఒక్క పూటే పెట్టమని నువ్వే గదా ఆర్డరేసింది? బక్కచిక్కిపోయినా బిడ్డ నోరెత్తలేదు, నాయన చెప్పినాడని."

"తప్పు చెప్పినా, రామసుబ్బీ."



"సరేలే. కాన్పుకు వస్తాండావు గదా, నీ చేత్తోనే పెట్టుదువులే."

గొర్రెల సంగతంతా ఆయన అప్పుడు చెప్పాడు. కావ్యకు నెలలు నిండేది ఫిబ్రవరిలో. మిగిలిన గొర్రెలన్నీ ఈనినాక ఓబులయ్య ఇల్లు చేరేది మార్చి పందొమ్మిదిన.