ఓడేవాడు లేని ఆట

2017వ సంవత్సరం. బోధన్‌లో బస్టాండుకు కొంచెం ఇవతల, ఒక ఎరువుల దుకాణం వెనక గదిలో మాకు వీడియో గేమ్ షాపు ఉండేది. మూడు టీవీలు, మూడు మిషన్లు, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టేబుల్ ఫ్యాన్. మా ఆయన పెట్టిన షాపు అది. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లు. పదకొండో రోజు కాగానే నేనే షట్టర్ ఎత్తాను. ఎత్తక ఏం చేస్తాను? నాకు వచ్చిన పని బీడీలు చుట్టడం ఒక్కటే. వంగి వంగి చుట్టీ చుట్టీ నడుము అప్పటికే పోయింది.

చదువు నాకు సంతకం వరకే. ఇప్పుడు కూడా నేను చెబుతుంటే మా చెల్లెలి బిడ్డ రాస్తోంది. ఆటల డబ్బాల మీద ఇంగ్లీషు చదవడం రాదు కాబట్టి బొమ్మను బట్టి గుర్తుపట్టేదాన్ని. బంతి తన్నేవాడుంటే ఫుట్‌బాల్, చొక్కా లేని పహిల్వానుంటే కుస్తీ, ఎర్ర కారుంటే రేసు. అంతే నా విద్య. అయినా షాపు నడిచింది. గేమ్ షాపు నడపడానికి కావలసింది ఇంగ్లీషు కాదు, గిరాకీ ఎక్కడినుంచి వస్తుందో తెలియడం.

అది మా ఆయన నేర్పినదే. షాపులో ఒక రివాజు ఉంది. ఓడినవాడు లేవాలి. ఇద్దరు కూర్చుంటారు, ఆడతారు, ఓడినవాడు ఆ ఆట పైసలు ఇచ్చి కుర్చీ వదలాలి. వెనక నిలబడినవాడు కూర్చుంటాడు. ఆడేవాళ్లు ఇద్దరైతే వెనక నిలబడి అరిచేవాళ్లు ఆరుగురు. ఆ ఆరుగురే అసలు గిరాకీ. వాళ్లు చూడాలి, నేనైతే వీణ్ణి చిత్తు చేస్తానని లోపల కుతకుత ఉడకాలి. గేమ్ షాపు బతికేది ఓడినవాడి మీద, ఓడిస్తానని కాచుకున్నవాడి మీద.

ఆ ఏడు మా మరిది సెలవు మీద దుబాయ్ నుంచి వచ్చినప్పుడు ఒక కొత్త కన్సోల్ తెచ్చాడు. కన్సోల్ అంటే టీవీకి తగిలించే ఆట మిషను. చేత్తో పట్టుకుని మీటలు నొక్కేదాన్ని ప్యాడ్ అంటారు. మామూలు ప్యాడ్ అరచేతుల్లో ఇమిడిపోతుంది. దీని ప్యాడ్ మాత్రం బడి పలకంత ఉంది, మధ్యలో చిన్న టీవీలాంటి తెర. వేలితో గానీ, దాంతో వచ్చిన పుల్లతో గానీ ఆ తెర మీద గీస్తే ఆట కదులుతుంది.

"షాపోడు సగం ధరకే ఇచ్చిండు వదినె, నీ నసీబు మంచిగున్నది" అన్నాడు మరిది.

సగం ధరకు ఎందుకు ఇచ్చాడని నేనూ అడగలేదు, వాడూ అడగలేదు. ఆ మిషను చేసిన కంపెనీయే దాన్ని ఆపేస్తోందని, ఇక కొత్త ఆటలు రావని మాకు తెలిసేసరికి చాలా రోజులు పట్టింది.

మిషను మంచిది. అబద్ధమెందుకు చెప్పాలి? చేతిలోకి తీసుకున్నవాడల్లా మెచ్చుకున్నాడు. బొమ్మలు పసుపు కొమ్ము విరిచినంత రంగుగా ఉండేవి. ఒక్కసారి హ్యాంగ్ కాలేదు, ఒక్కసారి వేడెక్కలేదు. మిగతా రెండు మిషన్లు నెలకోసారి నిజామాబాద్ రిపేరుకు పోయేవి. ఇది నా షాపులో ఉన్నన్నాళ్లూ గది దాటలేదు. కానీ మెచ్చుకున్నవాళ్లే రెండో రోజు పక్క టీవీ దగ్గరికి పోయి నిలబడ్డారు.

మొదట రేటు దగ్గర పేచీ వచ్చింది. ఇదే కంపెనీ పాత మిషను ఒకటి షాపులో ముందే ఉండేది. పేరూ ఇంచుమించు అదే. కాలేజీ పిల్లలు నవ్వారు.

"ఏందక్కా, గిది పాత మిషనే గద. ప్యాడ్ మార్చి రేటు పెంచినవా?"

"పాతది కాదుర, కొత్తది. మా మరిది దుబాయ్ నుంచి తెచ్చిండు."

"దుబాయ్ నుంచి వస్తే ఒంటె గూడ కొత్తదే అంటవ్."

నేను రేటు తగ్గించాను. అయినా కుదరలేదు. రెండో చిక్కు నాకు వారం రోజులు వెనక నిలబడి చూస్తే గానీ పట్టుబడలేదు. ఈ మిషను ముందు కూర్చున్నవాడు టీవీ చూడడు. తల వంచుకుని ఒళ్లోని తెర చూసుకుంటాడు. ఆటంతా వాడి ఒళ్లో ఉంటుంది. వెనక నిలబడినవాడికి కనబడేది వాడి మెడ. మెడ చూసి ఎవడు పందెం కాస్తాడు? అలాంటి ప్యాడ్ ఒక్కటే వస్తుంది, రెండోది అమ్మరు కూడా. ఇద్దరు సమంగా కూర్చుని కొట్టుకోవడానికి లేదు. ఇంట్లో ఒక్కడు ఆడుకోవడానికి ఎంత సుఖమో, నా షాపుకు అంత కష్టం.

మిషనుతో పాటు వచ్చిన ఆట కూడా ఒక్కటే. ఖాళీ జాగా ఇస్తారు. దాని మీద రోడ్లు వేసుకోవాలి, ఇళ్లు కట్టుకోవాలి, చెట్లు పెట్టుకోవాలి. శత్రువు లేడు. గెలుపు లేదు. ఓడేవాడు అసలే లేడు. ఓడేవాడు లేకపోతే కుర్చీలోంచి లేచేవాడెవడు?

అట్లా ఆ మిషను ఖాళీగా ఉన్న రోజుల్లో గంగారాం వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఊరు ఎడపల్లి. చక్కెర ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లకు పైగా ఫిట్టర్. ఫ్యాక్టరీకి తాళం పడ్డాక ఇంటి దగ్గర బర్రెలు పెట్టుకున్నాడు. గడ్డి కోసే మిషన్‌లో ఎడమ చెయ్యి పడి, ఆ చేతికి రెండు వేళ్లే మిగిలాయి. కట్టు మార్పించుకోవడానికి బోధన్ వచ్చి, బస్సు కోసం నీడ చూసుకుంటూ మా గదిలోకి వచ్చాడు.

"చెల్లె, ఆడకున్నా కూసోవచ్చా? బస్సుకు ఇంక గంట ఉన్నది."

"కూసో అన్నా. గిరాకొస్తే మాత్రం లేవాలె."

ఆయన కొత్త మిషను ముందున్న ఖాళీ కుర్చీ చూసి, "గీడ గిరాకొచ్చేటట్టు లేదులే" అని కూర్చున్నాడు.

నాకు నవ్వొచ్చింది. పోనీ పెద్దమనిషి అని ఆ పలక తీసి ఒళ్లో పెట్టాను. మామూలు ప్యాడ్ ఆయన పట్టుకోలేడు, దానికి పది వేళ్లూ కావాలి. ఇది ఒళ్లో పెట్టుకుంటే చాలు. కట్టున్న ఆ చేత్తో ఆనించి, కుడిచేతి పుల్లతో మెల్లగా ఒక గీత గీశాడు. తెర మీద రోడ్డు పడింది. ఆయన పుల్ల ఎత్తి నా మొహం చూశాడు. ఆ వేళ్లు తెగిన తర్వాత ఆయన చేసిన మొదటి పని అదేనేమో అనిపించింది నాకు.

అప్పటినుంచి వారానికి మూడు రోజులు వచ్చేవాడు. కట్టు విప్పేశాక కూడా వచ్చేవాడు. గంటకు పైసలిచ్చి, గంట కాగానే లేచేవాడు. ఇంకో ఐదు నిమిషాలని ఒక్కనాడూ అడగలేదు. అందరూ ఇళ్లు, తోటలు కడితే ఈయన మొదటి వారం వెడల్పాటి రోడ్డు వేశాడు. ఎందుకన్నా అంత రోడ్డు అంటే, చెరుకు బండ్లు ఎదురెదురుగా వస్తే తప్పుకోవాలి కదా అన్నాడు. తర్వాత బండ్లు తూచే కాటా. తర్వాత బండ్లు ఆగడానికి మైదానం, ఎడ్లకు నీళ్ల తొట్టి. తర్వాత పొడుగాటి రేకుల షెడ్డు. టీవీ మీద అదంతా ఆకాశం నుంచి చూసినట్టు చిన్నగా కనబడేది.

పక్క టీవీ దగ్గర ఓడిపోయి లేచినవాళ్లు ఊరికే ఉండక ఆయనతో పరాచికాలాడేవారు.

"కాకా, ఊరు కట్టినవ్ మంచిగున్నది. మనుషులేరీ?"

"డ్యూటీల ఉన్నరు బిడ్డా. షిఫ్టు ఇడిసినంక వస్తరు."

"జీతాలిస్తున్నవా మరి?"

"గదొక్కటి అడగకుర్రి" అనేవాడు. అందరూ నవ్వేవారు, ఆయనా నవ్వేవాడు.

కానీ వారానికి మూడు గంటలతో మిషను బతకదు. దానికి మనుషులు మెచ్చే ఆటలు తేవాలని ఒకనాడు నిజామాబాద్ పోయాను. సెకండ్ హ్యాండ్ డిస్కులు అమ్మే ఒక కొట్లో డబ్బాలన్నీ ముందు పోసుకుని కూర్చున్నాను. నా పద్ధతి ప్రకారం బంతి తన్నేవాడు, పహిల్వాను, ఎర్ర కారు చూసి తొమ్మిది ఏరాను. మిషను గుర్తు సరిగ్గానే చూసుకున్నాను. ఇంటికొచ్చి పెడితే ఒక్కటీ తిరగలేదు. ప్రతి దానికీ తెర మీద ఒకే అక్షరాల వరుస వచ్చి ఆగిపోయింది.

దాన్ని రీజియన్ లాక్ అంటారని తర్వాత తెలిసింది. ఒక దేశం కోసం చేసిన మిషను ఇంకో దేశం కోసం చేసిన డిస్కును ముట్టదు. ఏ తాళానికి ఆ చెవే. మర్నాడు మళ్లీ బస్సెక్కి కొట్టుకు పోయాను.

"గా డబ్బా ఎనక మూలకు రాసే ఉంటదక్కా, ఏ దేశానిదో. సూస్కొని కొనాలె" అన్నాడు కొట్టు పిల్లగాడు.

"రాసుంటే నాకెట్ల తెలుస్తది బిడ్డా?"

వాడు డబ్బాలన్నీ మళ్లీ నా సంచిలో సర్దాడు. డిస్కులు వెనక్కి తీసుకోలేదు.

అప్పటికే చేతి ఫోన్లలో ఆటలొచ్చి గిరాకీ పలచబడుతోంది. మిగిలిన ఆధారం ఆదివారం ఫుట్‌బాల్. నలుగురు కూర్చుని ఆడే ఆట, వెనక పది మంది. సరిగ్గా అప్పుడే ఆ ఫుట్‌బాల్ మిషను ప్యాడ్లు రెండు అరిగిపోయాయి. ఎడమకు తిప్పితే కుడికి పోతుంది, గోల్ పడాల్సింది బయటికి పోతుంది. పిల్లలు రెండు ఆదివారాలు ఓర్చుకున్నారు. మూడో ఆదివారం సగం మంది రాలేదు. ఇంకో నెల అట్లాగే ఉంటే షట్టర్ దించడమే.

ఆ వారమే నాందేడ్ నుంచి ఒక పాత సామాన్ల వ్యాపారి వచ్చాడు. నెలకోసారి వస్తుంటాడు. తెలుగు, మరాఠీ కలిపి మాట్లాడతాడు. నన్ను తాయీ అంటాడు, అంటే అక్క. కొత్త మిషను చూపించి, దీనికి బదులు నాకు రెండు ఫుట్‌బాల్ ప్యాడ్లు ఇస్తావా అన్నాను.

"తాయీ, డబ్బా నకో, వద్దు. గా పలక ఒక్కటి ఇయ్యి. నా గిరాకీ దగ్గర డబ్బా ఉన్నది, ప్యాడ్ పగిలింది. ఏడ దొరుకుతలేదు."

"పలక లేకుంటే డబ్బా నాకెందుకు?"

"నాకు గూడ ఎందుకు తాయీ? రేపు పొద్దుగూకకముందు వస్త, సోచ్ చేస్కో."

ఆలోచించడానికి ఏముంది? ఒక పక్క రెండు ప్యాడ్లు, ఆదివారం పద్నాలుగు మంది. ఇంకో పక్క గంగారాం ఒక్కడు. ఇంట్లో బియ్యం డబ్బా ఏ పక్క మాట్లాడుతుందో నాకు తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం గంగారాం వచ్చాడు. నేను చెప్పాలనుకున్నాను. పైసలు తీసుకునేటప్పుడు చెబుదామనుకున్నాను. మంచినీళ్లిచ్చేటప్పుడు చెబుదామనుకున్నాను. ఆయన షెడ్డు పక్కన నేల చదును చేసుకుంటున్నాడు. గంట అయింది.

"టైమైంది అన్నా" అన్నాను.

ఆయన పుల్లను దాని జాగాలో పెట్టాడు. "జాగా తయారైంది చెల్లె. ఎల్లుండి చిమ్నీ పెడుత."

"మంచిదన్నా" అన్నాను.

వ్యాపారి అన్న మాట ప్రకారం వచ్చాడు. పలక పట్టుకుపోయాడు. రెండు ప్యాడ్లు ఇచ్చాడు. రెండూ మంచివే.

అన్నట్టే రెండు రోజులకు గంగారాం వచ్చి తన కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూశాడు. నేను లేని పనులు కల్పించుకుని గది ఊడ్చాను. చివరికి ఆయనే అడిగాడు.

"చెల్లె, పలకేది?"

"ఇచ్చేసిన అన్నా. గా ఫుట్‌బాల్ ప్యాడ్లకు మారుగ."

ఆయన అటు తిరిగి కొత్త ప్యాడ్లు పట్టుకున్న పిల్లల్ని చూశాడు. "మంచిగ చేసినవ్. గిరాకుండాలె గద." మళ్లీ టీవీ వైపు తిరిగి, "మరి ఊరు?" అన్నాడు.

"ఊరు ఏడికి పోలే. గా డబ్బాలనే ఉన్నది. పలక లేక తెర్సుకోదు, గంతే."

ఆయన వంగి టీవీ కింద ఉన్న డబ్బా మీద ఆ రెండు వేళ్ల చెయ్యి పెట్టాడు. "మా ఫ్యాక్టరీల మిషిన్లు గూడ గిట్లనే ఉన్నయి చెల్లె. ఒక్కటి కరాబ్ కాలే. తాళమే."

డబ్బా నువ్వే తీసుకుపో అని ఆయనతో అన్నాను. ఏం చేసుకుంటాను, ఇంట్లో పెడితే మా ఆమె రొట్టెల పీట చేస్తుంది అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. బస్సు వేళ దాకా పక్క కుర్చీలో కూర్చుని ఫుట్‌బాల్ చూశాడు. ఆ తర్వాత ఇంకోసారి వచ్చాడు, నిలబడే మాట్లాడి పోయాడు. మళ్లీ రాలేదు.

ఆ ప్యాడ్లు షాపును ఇంకో మూడేళ్లు నడిపాయి. కరోనాలో దించిన షట్టర్ మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు నేను ఒక హాస్టల్లో వంట చేస్తున్నాను. అంత మంచి మిషను ఎందుకు నడవలేదని ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకు చాలా తెలుసు. పేరు వేరుగా తెలియలేదు, వెనక నిలబడినవాడికి ఆట కనబడలేదు, ఆటలు లేవు, ఉన్నవి తిరగవు, చేసినవాళ్లే చేతులెత్తేశారు. మెచ్చుకోవడం వేరు, వచ్చి కూర్చోవడం వేరు. అదంతా వ్యాపారం. నేను చేసిన బేరం తప్పని ఇప్పటికీ అనుకోను.

నేర్చుకున్నది ఇంకొకటి. బేరం సంగతి వ్యాపారితో మాట్లాడాను, మా మరిదికి ఫోన్ చేసి చెప్పాను, ఎరువుల దుకాణం సేటుకు కూడా చెప్పాను. ఆ మిషనును ప్రేమించిన ఒక్క మనిషికి చెప్పలేదు. చెబితే బతిమాలుతాడని భయపడ్డాను. బతిమాలేవాడు కాదు. సరే చెల్లె అని ఇంకో గంట కూర్చుని, చిమ్నీ నిలబెట్టుకుని, కళ్లారా చూసుకుని పోయేవాడు. ఆ మధ్యాహ్నం ఆ కుర్చీ కోసం ఎవరూ కాచుకుని లేరు. అయినా గంట కాగానే లెమ్మన్నాను.