మస్తూర ఇంటి కొక్కేలు

“గుమ్మంలోనే నిలబడిపోయావేం? లోపలికి రా తమ్ముడూ. తల మాత్రం వంచు. నిన్న మా బావగారు వంచనన్నారు, దానిమ్మ కొమ్మ ఆయన టోపీ ఎగరగొట్టింది. నవ్వకు. నువ్వు నవ్వావని వీధి చివరిదాకా వెళ్తుంది, ఆ తప్పూ నా నెత్తికే చుడతారు. కూర్చో. కాళ్ళు బొంత కింద పెట్టు, నిప్పులు ఇప్పుడే ఎగదోశాను.”

మస్తూర అక్క ఎండుమిరపకాయలు గుచ్చుతూనే మాట్లాడుతోంది. సూది ఆగదు, నోరూ ఆగదు. గది మధ్యలో నిప్పుల గుంట, దాని మీద పొట్టి బల్ల, బల్ల మీద నలుగురి మోకాళ్ళు కప్పేంత బొంత. పైన చూస్తే దూలం కనబడదు. తుంగతో అల్లిన ఉచ్చుల్లో పొడుగాటి ఖర్బూజాలు, ఒకదానికొకటి తగలకుండా, ఎత్తుపల్లాలుగా వేలాడుతున్నాయి. వాటి మధ్యలో అడ్డంగా కట్టిన నిరవంజి చెట్టు కర్ర, దాని మీద జంటలు జంటలుగా ముడేసిన ద్రాక్ష గుత్తులు. గోడ గూళ్ళన్నిటిలోనూ నూగు తుడిచిన, ఆపిల్ లాంటి పసుపుపచ్చ బెహీ పళ్ళు. కోయకుండానే గదంతా వాసన నింపుతాయవి. మూల కూజాలో పత్తి మోళ్ళు, ఇంకా విచ్చని కాయలతో. గది వెచ్చబడేకొద్దీ ఒక్కొక్క కాయే పగిలి తెల్లగా నవ్వుతుంది.

“ఈ కొకండ్‌లో పువ్వులంటే బజారులో కొన్న ప్లాస్టిక్ గులాబీలు. దుమ్ము పడితే కడుక్కోవచ్చంటుంది ఎదురింట్లో ఉండే మా తోడికోడలు నఫీస. పువ్వుని కడగడమేమిటే అన్నాను. ‘నీ పత్తి మోళ్ళు పొయ్యిలో పెట్టుకునేవి’ అంది. పెట్టుకుంటా. చలికాలమంతా చూసుకుని, వసంతం రాగానే పొయ్యిలో పెట్టుకుని రొట్టె కాల్చుకుంటా. నీ గులాబీతో రొట్టె కాల్చు చూద్దాం అన్నాను.”

మస్తూరది ఈ ఊరు కాదు. దూరాన పడమట, ఖోరెజ్మ్‌లో గుర్లెన్ దగ్గర ఇసుక నేల మీద పుట్టింది. అక్కడ ఖర్బూజాకి మనిషితో సమానంగా గది ఉంటుంది. ఆమె అన్నా, ఈ కొకండ్ కుర్రాడు రవ్‌షనూ సైన్యంలో ఒకే గుడారంలో పడుకున్నారు. ఆ స్నేహం చెల్లెల్ని రవ్‌షన్‌కి భార్యగా ఇంతదూరం తెచ్చింది. కొత్త కోడలు నోరు విప్పితే చాలు, ఆ పడమటి యాసకి వీధి ఆడవాళ్ళంతా నవ్వాపుకోడానికి ముసుగులు నోట్లో కుక్కుకునేవాళ్ళు. మొదటి శరత్తులో ఆమె ఈ గదిలోకి వచ్చి, చెక్కిన దూలాలు చూసి మురిసిపోయి, వెంటనే దిగులుపడింది. కమ్మలు లేని చెవుల్లా ఉన్నాయట.

“కొక్కేలెక్కడ అత్తయ్యా?” అని అడిగింది.

“మా ఊళ్ళో కప్పు కింద మనుషులుంటారమ్మా, కాయలుండవు” అంది అత్తగారు. అయినా ముచ్చట కాదనలేక ఒక్క కొక్కెం కొట్టించింది.

అప్పుడు జరిగింది ఆ సంగతి. పుట్టింటి నుంచి ఖర్బూజా రావడం ఆలస్యమైంది. తుంగ కోసేసరికి మంచు పడిపోయింది. మంచు తిన్న తుంగ పైకి బాగానే కనిపిస్తుంది, లోపల పెళుసు. తండ్రి పొలంలో పెరిగిన పిల్లకి ఆ సంగతి తెలియదా? తెలుసు. ఊళ్ళో అందరికీ చూపించాలన్న ఆత్రంలో తెలియనట్టు దాంతోనే కట్టేసింది. మర్నాడు రవ్‌షన్ అన్న, ఇంకా పెళ్ళికాని అస్రోర్‌కి పిల్లనిచ్చేవాళ్ళు వచ్చారు. తెల్ల చొక్కా వేసుకుని అస్రోర్ గదిలో గౌరవస్థానంలో, ఆ కొక్కెం కిందే కూర్చున్నాడు. ముందు పులావ్ పళ్ళెం. ఖర్బూజా సరిగ్గా ఆ పళ్ళెంలో పడింది. చొక్కా మీద నూనె, మీసాల్లో క్యారెట్ ముక్కలు. కాబోయే వియ్యపురాలు అరిచిన అరుపుకి పక్కింటి గాడిద తాడు తెంపుకుంది.

అత్తగారు తిట్టలేదు. పులావ్‌లోంచి కాయ తీసి, తుడిచి, కోసి, ముక్క అందరికీ పంచింది. “ఇకనుంచి ఈ ఇంట్లో ఇదే ఆనవాయితీ. పైన కట్టింది ఏదైనా కింద పెట్టినా పడినా, ఆ పూటే కోయాలి, ఇంట్లో ఉన్నవాళ్ళంతా తినాలి. అస్రోర్, నువ్వే మొదలుపెట్టు” అంది. అది చలికాలం కాయ. తీగ నుంచి కోసినప్పుడు సొరకాయలా ఉంటుంది, చలి ముదిరిన మంచు రోజుల్లోగానీ తీపెక్కదు. పెళ్ళికొడుకు కరకరా నమిలాడు. మరుసటేడు అత్తగారే కమ్మరిని పిలిచి అన్ని దూలాలకీ కొక్కేలు వేయించింది. తను పోయేముందు చలికాలంలో కూడా, మంచంలోంచి చెయ్యెత్తి, “అది తిప్పు మస్తూరా, ఒకవైపే చూస్తోంది” అనేది.

“ఆ చొక్కా మాత్రం మా బావగారు మర్చిపోలేదు తమ్ముడూ. మనవలు పుట్టే వయసొచ్చినా ఆ నూనె మరక ఆయన కళ్ళ ముందే ఉంది.”

అస్రోర్ ఎదురుగా కొత్త ఇల్లు కట్టుకున్నాడు. గోడ నుంచి గోడకి సాగదీసి బిగించే ప్లాస్టిక్ కప్పు, అద్దంలా మెరుస్తుంది. కింద కూర్చుంటే మన బట్టతల మనకే కనబడుతుంది. ఇప్పుడు కొడుక్కి తాష్కెంట్ సంబంధం కుదిరింది. వియ్యాలవారి విందు నాన్న కట్టిన ఈ పెద్ద గదిలోనే జరగాలని ఆయన పట్టు. జరగనీ, ఎవరు వద్దన్నారు? కానీ ముందు ఆ గదికీ ప్లాస్టిక్ కప్పు వేయించాలన్నాడు. రవ్‌షన్ తల ఊపేసి వచ్చాడు.

మస్తూరకి ఆ కబురు టీ తాగేటప్పుడు చేరింది.

“అన్నయ్య రేపు మనుషుల్ని పంపిస్తాడట” అన్నాడు రవ్‌షన్, టీ కప్పులోకి చూస్తూ.

“ఏ మనుషుల్ని?”

“కప్పు వేసేవాళ్ళని.”

“మనకి కప్పు ఉందిగా?”

“ఉంది... మెరిసేది.”

“మీరు సరేనన్నారా?”

రవ్‌షన్ టీలో పంచదార కలిపాడు. ఆయన పంచదార వేసుకోడు.

ఆ పూట మస్తూర ఏడవలేదు, అలగలేదు. తెల్లారి లేచి, కొట్టంలో ఇంకా కట్టని కాయలన్నీ బయటికి తీసింది. మంచుకి ముందే కోసి, నీడన ఆరబెట్టి, నీళ్ళు చల్లి మెత్తబరిచిన తుంగ సిద్ధంగా ఉంది. ప్రతి కొక్కేనికీ కట్టింది. కొక్కేలు చాలక వాసాల సందుల్లో తాళ్ళు దూర్చి కట్టింది. దానిమ్మల్ని కొమ్మలతో సహా గుమ్మం మీద దోపింది. దిష్టి తగలకుండా పొగవేసే ఇసిరిఖ్ కట్ట తలుపుకి బిగించింది. గదిలో నిచ్చెన ఎత్తాలంటే నాలుగు కాయల్ని తప్పుకోవాలి.

అస్రోర్ వచ్చాడు. వెంట బెక్‌జోద్ అనే పనివాడు, భుజాన ప్లాస్టిక్ చుట్ట, చేతిలో వేడిగాలి కొట్టే గ్యాస్ గొట్టం. టోపీ సంగతి అప్పుడే జరిగింది.

“ఏంటమ్మాయ్ ఇది? బజారా, ఇల్లా?”

“ఇల్లే బావగారూ. మీరు పుట్టిందిక్కడే, గుర్తుపట్టలేదా?”

“ఇవన్నీ దింపు. గది కొలిమిలా వేడెక్కాలి, అప్పుడే ఆ షీటు సాగుతుంది.”

“నా కాయలు ఉడికిపోతాయి.”

“అందుకే దింపమన్నాను.”

“మీరే దింపండి. నేను కట్టిన ముడి నేనే విప్పను. ఒక్క మాట. ఒకదానికొకటి తగలనివ్వకండి. కింద పెట్టకండి. పెడితే మీ అమ్మ పెట్టిన ఆనవాయితీ తెలుసుగా.”

బెక్‌జోద్ నిచ్చెన ఎక్కి ఒక కాయ విప్పి అస్రోర్‌కి అందించాడు. ఇంకొకటి రవ్‌షన్‌కి. మూడోది తన చంకలో పెట్టుకుని దిగాడు. ముగ్గురూ మూడు ఖర్బూజాలు పట్టుకుని, కొత్తగా పుట్టిన బిడ్డల్ని ఎత్తుకున్న తండ్రుల్లా నిలబడ్డారు.

“ఎక్కడ పెట్టనండీ?” అన్నాడు బెక్‌జోద్.

“కింద పెట్టు!” అస్రోర్ తన కాయని తివాచీ మీద దించేశాడు.

మస్తూర అప్పటికే కత్తి, పళ్ళెం తెచ్చింది. అక్కడే కూర్చుని కోసింది. లోపల తెల్లగా, గట్టిగా ఉంది. మొదటి ముక్క బావగారికే అందించింది.

“ఇదేం పిచ్చి!”

“పిచ్చి నాది కాదు బావగారూ, ఆనవాయితీ మీ అమ్మది. ఆవిడ లేదు కాబట్టి తినరా?”

అమ్మ మాట ఎత్తాక అస్రోర్ ఏం చేస్తాడు? నమిలాడు. దవడ కదిలిన చప్పుడు గదంతా వినిపించింది. బెక్‌జోద్‌కీ ముక్క ఇచ్చింది. “నేను బయటివాణ్ణమ్మా” అన్నాడతను. “ఇంట్లో ఉన్నవాళ్ళంతా అన్నది మా అత్తగారు, బంధువులని అనలేదు. తిను నాయనా.”

“ఎన్ని కోస్తావు?” అస్రోర్ ముఖం బీట్‌రూట్‌లా అయింది.

“మీరు ఎన్ని దింపితే అన్ని. తినేది మీరే.”

“నీ గదిలో చలేస్తుందమ్మాయ్! తాష్కెంట్ వాళ్ళు హీటర్లున్న ఇళ్ళలో బతికేవాళ్ళు. వాళ్ళ ముందు నా పరువేం కావాలి?”

“చలా? కూర్చోండి, కాళ్ళు బొంత కింద పెట్టండి. మా వెచ్చదనం కప్పు దగ్గరుండదు, మోకాళ్ళ దగ్గరుంటుంది. ఇక్కడే మీరు పరీక్షలకి చదివారు, ఇక్కడే మీ అమ్మ మీ పాదాలకి నూనె రాసింది. ఆ రోజుల్లో చలేసిందా? మీ ఇంట్లో మీకు నచ్చినట్టు మెరిపించుకోండి. ఈ దూలాలు నేను బతికుండగా కప్పనివ్వను. వియ్యాలవారు కాదు, పాదుషా వచ్చినా తల వంచే లోపలికి రావాలి.”

అస్రోర్ తమ్ముడి వైపు తిరిగాడు. “చెప్పరా నీ పెళ్ళానికి. నువ్వు మాటిచ్చావు.”

రవ్‌షన్ ఇంకా రెండో ఖర్బూజాని రొమ్ముకి హత్తుకునే నిలబడి ఉన్నాడు. జీవితంలో అన్నకి ఎదురు చెప్పినవాడు కాదు. ఆ రోజూ చెప్పలేదు. నెమ్మదిగా వెళ్ళి నిచ్చెన ఎక్కాడు. కాయని కొక్కేనికి తగిలించి, తాడు రెండుసార్లు చుట్టి, కిందికి చూసి, “తొడిమ పైకేగా?” అని అడిగాడు.

“పైకే” అంది మస్తూర. వెళ్ళి నిచ్చెన కాలు గట్టిగా పట్టుకుంది.

బెక్‌జోద్ తన చంకలోది కూడా పైకి అందించాడు.

“సరే. విందు మా ఇంట్లోనే పెట్టుకుంటాను. నీ కాయలకి నువ్వే కబుర్లు చెప్పుకో” అని అస్రోర్ వెళ్ళిపోయాడు. వెనకాలే ప్లాస్టిక్ చుట్ట, గ్యాస్ గొట్టం.

“అదీ సంగతి” అంది మస్తూర అక్క, మిరపకాయల దండ చివర ముడేస్తూ. “కప్పు నిలబడింది. విందు పోయింది. ఇంటి పెద్ద మనవడి అత్తవారు, వాడి నానమ్మ గదిలో కూర్చోకుండా వెళ్తారు. బాధ లేదని నేననను. పొద్దుట నఫీస కిటికీలోంచి చూస్తూ, ‘ఏం అక్కా, అతిథులు లేకపోయినా అలంకారానికి లోటు లేదే!’ అంది. అతిథుల కోసం కట్టానా నేను? నాకోసం కట్టాను, మా ఆయన కోసం కట్టాను. నిన్న రాత్రంతా ఆయన వెల్లకిలా పడుకుని, తను కట్టిన కాయనే చూస్తూ ఉన్నాడు. జారుతుందేమోనని భయమట! జారదు. మంచి ముడే వేశాడు, చెప్పకు, పొంగిపోతాడు.”

ఆమె లేచి, తల మీద వేలాడేవాటిలో పొడుగ్గా, నిండుగా, గీతలు తేలినదాన్ని ఎంచి విప్పింది. ముక్కుకి ఆనించుకుని చూసింది. తుంగ ఉచ్చుతో సహా నా చేతుల్లో పెట్టింది.

“లే తమ్ముడూ. ఎదురింటికి వెళ్ళు. అబ్బాయి పెళ్ళి మంచు రోజుల్లో కదా, అప్పటికి ఇది తేనెలా అవుతుంది. మస్తూర పెళ్ళికానుక పంపిందని చెప్పు. వేలాడదీసుకుంటేనే పండుతుందనీ చెప్పు. ఆ మెరిసే కప్పుకి కొక్కెం ఎక్కడుందో ఆయన్నే వెతుక్కోమను. దొరికేదాకా నువ్వక్కడే ఎత్తుకుని నిలబడు. నేల మీద మాత్రం పెట్టకు నాయనా, పాపం, ఆయన దవడ ఇంకా నొప్పెడుతోందట.”