లెక్కల క్లాసులో మొక్కలకు నీళ్ళు

హైదరాబాద్‌లో కొన్నేళ్ళు ఉద్యోగం చేసి మొన్న వేసవిలో కాలిఫోర్నియాలోని శాన్ రామన్ తిరిగొచ్చిన మా అబ్బాయి నిన్న ఫ్యామిలీ గ్రూపులో మనవరాలి ఫోటో పెట్టాడు. లెక్కలు అందరికన్నా ముందే చేసేస్తోందట, అందుకని టీచర్ దాన్ని క్లాస్ హెల్పర్‌ని చేసిందట, చేతిలో మొక్కలకు పోసే నీళ్ళ డబ్బా. చూడగానే నాకు ఒళ్ళు మండింది.

నాలాగే డెబ్బయిల చివర్లో అమెరికా వచ్చి ఇక్కడి బళ్ళలో చేరినవాళ్ళకు నా మంట అర్థమవుతుంది. కార్ల కంపెనీలో ఇంజనీరైన నాన్న మమ్మల్ని మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్ తీసుకొచ్చేనాటికి నేను గుంటూరులో ఎనిమిదో తరగతి పూర్తిచేసి, ఆల్జీబ్రా అంటే ఉత్సాహపడే పిల్లని. ఇక్కడి కౌన్సెలర్ నా యాస విని, బెదిరిపోతానేమోనని జాలిపడి, ఇంకా భిన్నాలు నేర్పుతున్న క్లాసులో కూర్చోబెట్టింది. మిగతావాళ్ళు పేరు రాసుకునేలోపు నా లెక్కలు అయిపోయేవి, ఖాళీగా ఎందుకని టీచర్ నన్ను కిటికీలో మొక్కలకు నీళ్ళు పొయ్యమనేది, ఆపైన తెగ మెచ్చుకునేది. నాన్న ఆ మెప్పును ఆదివారం తెలుగు చర్చిలో భోజనాల దగ్గర అంకుల్స్‌కీ ఆంటీలకీ వడ్డించేవాడు. నిజం చెప్పొద్దూ, నాకూ బాగానే ఉండేది, చలికాలం వచ్చేసరికి ఇంట్లో పుస్తకం తెరవడమే మానేశాను.

అమ్మ గుంటూరు మిషన్ బడిలో లెక్కలు చెప్పి, ఇక్కడికొచ్చి ఇంట్లో కూర్చోవాల్సి వచ్చిన మనిషి. ఒక సాయంత్రం, అక్కడ నేను అవలీలగా చేసిన లెక్కే ఇస్తే, సగంలో పెన్సిల్ పడేసి ఇది మా క్లాసులో లేదన్నాను. మర్నాడే చీర మీద కోటు, కాళ్ళకు మంచు బూట్లు వేసుకుని నాతో బడికొచ్చింది. కౌన్సెలర్ నవ్వుతూ, మీ అమ్మాయి చక్కగా కలిసిపోయింది, హాయిగా ఉంది, ఇంకేం కావాలని అడిగింది. ఆ హాయి అన్న మాటకే అమ్మకు కోపం నషాళానికి అంటింది.

"నేను దీన్ని మొక్కలకి నీళ్ళు పొయ్యడానికి పంపట్లేదు. దీనికి రానిదేదైనా ఇవ్వండి," అంది, ఒక్కొక్క ఇంగ్లీషు మాటా నొక్కి పలుకుతూ.

పై క్లాసులో వేశారు. మొదటి పరీక్షలో సి గ్రేడు వచ్చింది, నేను కార్‌లో ఏడ్చాను, నాన్న ఆ ఆదివారం చర్చిలో నా ఊసెత్తలేదు. అమ్మ మాత్రం ఆ పేపర్‌లో నా తప్పుల మీద వేలు పెట్టి చూసుకుంటూ, చాలా రోజుల తర్వాత నవ్వింది.

కష్టపడనివ్వకపోవడమే దయ అనుకున్న ఆ బడి మీద నాకింకా కోపం చల్లారలేదు. ఇప్పుడు టీచర్‌తో మాట్లాడడానికి మంచులో నడవక్కర్లేదు, ఫోన్‌లో ఒక్క మెసేజ్ చాలు, అయినా అడిగేవాళ్ళే కరువయ్యారు. అమ్మ పోయి చాలా కాలమైంది. మనవరాలి ఫోటో కింద మావాళ్ళంతా చప్పట్ల బొమ్మలు పెట్టారు. వాటి కింద నేను మాత్రం, మరి దానికి రానిదేమిటని రాశాను.