మందులక్క ఇచ్చిన షీటు

రాళ్ళు కోసే ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా ఒకే ఒక్క మందుల షాపు. ఇరవై రెండేళ్ళుగా అందులో కూర్చునే మనిషిని ఊరంతా మందులక్క అనే పిలుస్తుంది. ఆమె కంటే పదేళ్ళు పెద్దవాళ్ళకీ ఆమె అక్కే. ఎవరికి ఏ మందు పడదో, ఎవరింట్లో చంటిపిల్లకి దగ్గు తగ్గలేదో ఆమెకి కంఠతా వచ్చు. డాక్టరు కూడా తన రాత తనే చదువుకోలేక ఫోన్ చేసి అడుగుతాడని చెప్పి నవ్వించేది. అది ఆమె నవ్వే రోజుల్లో మాట.

తల్లి పోయాక ఆమె పెంచిన తమ్ముడు ఆ ఫ్యాక్టరీలోనే కోత మిషను మీద ఉండేవాడు. ఒకనాడు రాతి పలక జారి భుజం మీద పడింది. ఆపరేషన్ చేసి, ఎముకకి స్క్రూలు బిగించి, గట్టి నొప్పి మాత్రలు ఇరవై రోజులకి రాసి పంపారు. ఇరవై ఒకటో రోజున వాడు భుజం పట్టుకుని షాపు ముందు నిలబడ్డాడు. డాక్టరు చీటీ లేదు. ముఖం పీక్కుపోయి ఉంది. ఆమె అటూ ఇటూ చూసి ఆ మాత్రల షీటు ఒకటి తీసి వాడి చేతిలో పెట్టింది. ఆ మాత్రలు అలవాటైతే వదలవని తెలియక కాదు. తెలిసీ, మనవాడికి ఏం కాదులే అనుకుంది.

రాళ్ళ పని ఒంటిని పిప్పి చేసే పని. నడుం నొప్పి లేని మగవాడు ఆ వీధుల్లో లేడు. తమ్ముడి జేబులోంచి ఒక మాత్ర పక్క మిషను వాడికి, అక్కణ్ణించి లోడింగ్ వాళ్ళకి పాకింది. రెండేళ్ళు తిరిగేసరికి షిఫ్టుకి ముందు టీకొట్టు దగ్గర కంటే మందులక్క షాపు దగ్గరే ఎక్కువమంది ఉండేవాళ్ళు. అందరి దగ్గరా చీటీలున్నాయి. అవి ఎక్కడివో ఆమె అడగలేదు. ఒకరోజు లోడింగ్ మేస్త్రీ తల్లి వచ్చి, మూడు పేర్లతో మూడు చీటీలు పరిచి, తలెత్తకుండా అంది: "ఇవి తీసుకెళ్ళకపోతే మావాడు నన్ను ఇంట్లో ఉండనివ్వడమ్మా."

ఆ సాయంత్రమే ఆమె ఆ మాత్రలు అమ్మడం మానేసింది.

అమ్మకపోతే ఆగుతుందనుకుంది. ఆగలేదు. నెల తిరక్కుండానే మడతపెట్టిన కాగితాల్లో గోధుమరంగు పొడి దిగింది. హెరాయిన్ అన్న మాట ఎవరూ నోటితో అనేవారు కాదు. పొడి అనేవారు, పళ్ళపొడి గురించి చెప్పుకున్నంత తేలిగ్గా. పాలిష్ పనివాడొకడు ఫ్యాక్టరీ బాత్రూములో, సూది చేతికి ఉండగానే పోయాడు. తర్వాత ఇంకొకడు. గుండెపోటు అని చెప్పుకున్నారు. ముప్పై ఏళ్ళవాళ్ళకి ఇన్ని గుండెపోట్లేమిటని ఎవరూ అడగలేదు.

తమ్ముడూ పొడికి మరిగాడు, పని పోయింది. మరదలు కూతుర్ని తీసుకుని పుట్టింటికి బయలుదేరుతూ షాపు దగ్గర ఆగి, ఇంటి తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది.

"నా ఓపిక అయిపోయింది వదినా. ఇక మీరే చూసుకోండి."

నాలుగు తిట్టి పోయినా బాగుండేదనిపించింది ఆమెకి.

పెద్దాసుపత్రిలో ఒక నర్సుని బతిమాలి, పొడి మత్తుని విరిచే ఇంజక్షన్లు రెండు తెచ్చుకుంది. ఎలా చెయ్యాలో అడిగి నేర్చుకుంది. అవి చేతిసంచిలోనే పెట్టుకు తిరిగేది. ఒక మధ్యాహ్నం అన్నం క్యారియర్ పట్టుకుని వెళ్ళేసరికి తమ్ముడు వంటింటి గోడకి జారగిలబడి ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. గురకలాంటిది ఒకటి వచ్చి ఆగిపోయింది. ఆమె వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, ప్యాంటు మీదనుంచే తొడలోకి సూది దింపి, ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి ఊదింది. కదల్లేదు. రెండోదీ చేసింది. ఊదుతూనే ఉంది. ఎంతసేపో తెలియదు. వాడు ఒక్కసారిగా ఊపిరి లాక్కుని కళ్ళు తెరిచాడు.

కళ్ళు తెరిచి తిట్టాడు. ఎందుకు లేపావంటూ చెయ్యి విసిరితే ఆమె కళ్ళజోడు ఎగిరి పొయ్యి పక్కన పడింది. మత్తు అలా విరిగితే ఒళ్ళంతా పీకేస్తుందని నర్సు చెప్పే ఉంది కాబట్టి ఆమె కళ్ళజోడు తీసి పెట్టుకుని అంబులెన్సుకి ఫోన్ చేసింది. దానికోసం చూస్తూ కూర్చున్నప్పుడు అంది:

"ఆ రోజు చీటీ లేకుండా నీకు షీటు ఇచ్చింది నేనేరా."

"నువ్వివ్వకపోతే ఇంకోచోట తెచ్చుకునేవాణ్ణి."

"తెచ్చుకునేవాడివేమో. ఇచ్చింది మాత్రం నేను."

వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మత్తు మాన్పించే కేంద్రంలో రెండుసార్లు చేర్చింది, రెండుసార్లూ పారిపోయి వచ్చాడు. మూడోసారి నిలబడ్డాడు. ఇప్పటికి పద్నాలుగు నెలలు. రోజూ పొద్దున నర్సు ఎదురుగానే, పొడి మీదికి మనసు పోకుండా ఇచ్చే మాత్ర నాలుక కింద కరిగించుకోవాలి. ఆమె బస్సులో తోడు వెళ్ళొచ్చి, పదకొండింటికి షాపు తెరుస్తుంది. ఫ్యాక్టరీ వాళ్ళు వాడికి లారీల నంబర్లు రాసుకునే పని ఇచ్చారు. భుజం పైకి లేవదు, ఇప్పటికీ నొప్పే. మరదలు తిరిగి రాలేదు. ఆదివారాలు కూతురితో మాట్లాడనిస్తుంది, అంతే.

మొన్న మధ్యాహ్నం ఆమె షాపులో ఎనిమిదిమంది ఆడవాళ్ళని బెంచీల మీద కూర్చోబెట్టి, మత్తు విరిచే ఇంజక్షన్ ఎలా చెయ్యాలో దిండు మీద సూది గుచ్చి చూపించింది. అందరూ తల్లులో పెళ్ళాలో. లోడింగ్ మేస్త్రీ తల్లి చేయి పట్టుకుని మూడుసార్లు చేయించింది.

"లేచి మీద పడి కొడితే ఏం చెయ్యనమ్మా?" అడిగింది ఆవిడ.

"వెనక్కి జరగండి. మళ్ళీ మత్తులోకి జారిపోవచ్చు, ఆసుపత్రి వాళ్ళొచ్చేదాకా వదిలిపెట్టి పోకండి."

ఆవిడ ఆ మాటలు మెల్లగా రెండుసార్లు చెప్పుకుంది. పెద్దాసుపత్రి వాళ్ళిచ్చిన ఇంజక్షన్లు తలా రెండు కొంగుల్లో కట్టుకుని అందరూ వెళ్ళిపోయారు. మందులక్క బెంచీలు లోపలికి జరిపి కుర్చీలో కూలబడింది. కాళ్ళు లాగుతున్నాయి. వెనక అరల నిండా మామూలు నొప్పి మాత్రలే. ఒకటి వేసుకుందామా అనుకుని, లేవడానికి బద్ధకించి, అలాగే కళ్ళు మూసుకుంది.